జనవరి మంచులో ఆరు రోజులు: స్విస్ ట్రావెల్ పాస్ మీద ఒక స్టేషన్ మాస్టర్ అభిప్రాయం

స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్ స్టేషన్ బయట నిలబడితే సరస్సు కనిపించలేదు. రోడ్డు దాటితే సరస్సే, కానీ జనవరి రెండో వారం, ఉదయం ఎనిమిదిన్నర, పొగమంచు నేలదాకా దిగిపోయింది. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. తొమ్మిదేళ్ల మనవడు చలికి అమ్మమ్మ శాలువాలో దూరాడు. నేను ఫోనులో రిగి కొండ మీద పెట్టిన కెమెరా తెరిచి వాళ్లకు చూపించాను. పైన నీలాకాశం, ఎండ, ఆ ఎండకు తళతళలాడుతున్న మంచు. ఆ రోజు మేము అనుకున్నది ఊరు చూడడం. దాన్ని పక్కన పెట్టి పడవ ఎక్కేశాం. టికెట్టు కోసం ఎవరినీ అడగలేదు, అదనంగా ఒక్క ఫ్రాంకు కట్టలేదు. రైళ్లకు, బస్సులకు, పడవలకు అన్నిటికీ ఒకే టికెట్టుగా పనికొచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ఎందుకు కొనాలో నాకు ఆ ఉదయమే పూర్తిగా అర్థమైంది.

గంటసేపు పడవలో వెళితే విట్స్‌నావ్ అనే చిన్న ఊరు వస్తుంది. రేవు ఎదురుగానే పళ్ల పట్టాల రైలు, అంటే నడుమ ఉన్న రంపంలాంటి పట్టాను పళ్ల చక్రంతో పట్టుకుని కొండెక్కే రైలు. 1871లో మొదలైన ఈ మార్గం ఐరోపాలో కొండెక్కిన మొట్టమొదటి పళ్ల పట్టాల రైలుమార్గం. కొన్నిచోట్ల నాలుగు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేస్తుంది. సగం దారి వరకు కిటికీ బయట తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా పెట్టెలోకి ఎండ పడింది. పైకి వెళ్లి చూస్తే మేము వచ్చిన లోయంతా పొగమంచు సముద్రం. అందులోంచి కొండల కొనలు దీవుల్లా పైకి తేలి ఉన్నాయి. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మనవడు మాత్రం అద్దెకు తీసుకున్న జారుడు బండి మీద వాళ్లమ్మతో కలిసి దిగువ స్టేషన్‌కు జారుకుంటూ పోయి, మళ్లీ రైలెక్కి పైకి వచ్చాడు. అలా మూడుసార్లు. మూడుసార్లూ పాస్ మీదనే.

నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు కొత్తవలస-కిరందూల్ మార్గంలో. అరకు దగ్గరి శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. ఒకప్పుడు మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అంతకంటే ఎత్తైన స్టేషన్ లేదని చెప్పుకునేవాళ్లం. కొండ మీద రైలు నడపడం ఎంత కష్టమో తెలిసినవాడిని కనుక, ఈ పాస్ గురించి రాసేటప్పుడు ధర దగ్గర ఆగిపోవడం నాకు సాధ్యం కాదు.

ప్రయాణానికి ముందు ఒక ఏజెన్సీవాళ్లు మాకు పట్టిక వేసి ఇచ్చారు. ఫలానా తేదీన యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే మంచుకొండ, ఫలానా తేదీన అద్దాల రైలు, అన్నీ ముందే డబ్బు కట్టి ఖాయం చేసుకోవాలని. వేసవిలో అయితే అది చెల్లుతుందేమో. నడి చలికాలంలో మాత్రం అది తప్పుడు పద్ధతి అని నా గట్టి అభిప్రాయం. జనవరిలో అక్కడ ఎనిమిది దాటాక గాని తెల్లవారదు, అయిదు కాకముందే పొద్దు గూకుతుంది. చేతిలో ఉండే వెలుతురు ఎనిమిదిన్నర గంటలే. ఆ కాస్త వెలుతురూ మబ్బు కింద గడిపితే ఇంత దూరం వచ్చింది దేనికి? ఏ రోజు ఏ కొండ మీద ఎండ ఉందో ఆ రోజు పొద్దునే చూసి బయలుదేరాలి. ఆ వీలు ఇచ్చేది పాసే. దేశంలోపల తిరిగే మామూలు రైళ్లకు సీటు రిజర్వేషన్ అవసరం లేదు. బస్సులు, సరస్సుల మీద పడవలు, ఊళ్లలోని ట్రాములు, ఐదు వందలకు పైగా మ్యూజియంలు అన్నీ ఇందులోకే వస్తాయి. బయట మంచు తుఫాను ఉన్న రోజున మ్యూజియం ఎంత అక్కరకు వస్తుందో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

మేము తీసుకున్నది వరుసగా ఆరు రోజులు చెల్లే రెండో తరగతి పాస్. పెద్దలకు ఒక్కొక్కరికి దాదాపు 380 ఫ్రాంకులు పడింది. వరుస రోజులు అక్కర్లేదనుకుంటే నెలలోపు మనకు కావలసిన రోజులు ఎంచుకునే ఫ్లెక్స్ పాస్ కూడా ఉంది, ధర కొంచెం ఎక్కువ. ఒకే ఊళ్లో కూర్చుని విశ్రాంతి తీసుకోవాలనుకునేవాళ్లు ఈ పాస్ కొనవద్దు. రోజూ తిరిగేవాళ్లకే ఇది గిట్టుబాటు. మాలాగా మూడు ఊళ్లలో మకాం పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది: లూసెర్న్, లాటర్‌బ్రున్నెన్, ఖూర్.

మనవడికి డబ్బు కట్టలేదు. ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు. కానీ ఒక ముఖ్యమైన షరతు ఉంది. పిల్లవాడి వెంట తల్లి గాని తండ్రి గాని ఉండాలి. తాతయ్య, అమ్మమ్మ ఉంటే చాలదు. ఒకరోజు అమ్మాయికి ఒంట్లో బాగాలేక నేనూ వాడూ బయలుదేరాం, వాడికి సగం టికెట్టు కొనవలసి వచ్చింది. మనవలతో వెళ్లే పెద్దవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రెండో మకాం లాటర్‌బ్రున్నెన్. నిటారు రాతిగోడల నడుమ లోయ. స్టావ్‌బాఖ్ జలపాతం దాదాపు 300 మీటర్ల ఎత్తునుంచి పడుతుంది, మేము వెళ్లినప్పుడు దాని అంచులు గడ్డకట్టి ఉన్నాయి. కొండ లోపల దూకే ట్రుమెల్‌బాఖ్ జలపాతాలను మాత్రం చలికాలమంతా మూసివేస్తారు. వేసవి ఫొటోలు చూసి పథకం వేసుకునేవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది. లోయలో ఎండ చాలా కొద్దిసేపే ఉంటుంది. అందుకే మేము పైన ఉన్న ముర్రెన్‌కు వెళ్లాం. తీగల మీద నడిచే పెట్టెలో గ్రుట్ష్‌ఆల్ప్ దాకా, అక్కడినుంచి చిన్న రైలు. పాస్ అక్కడిదాకా చెల్లుతుంది. కార్లు లేని ఊరు. 1,638 మీటర్ల ఎత్తున వీధి చివర నిలబడితే ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ ఎదురుగా ఉంటాయి. మంచులో నడవడానికి వేసిన బాటలకు గులాబీరంగు గుర్తులు పెట్టారు. వాటిని దాటి పోకూడదు, మంచుచరియల ప్రమాదం ఉంటుంది.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మేము వెళ్లలేదు. 3,454 మీటర్ల ఎత్తున, 1912 నుంచి రైలు వెళ్తున్న చోటు అది. రైల్వే మనిషిగా నాకు ఆశ లేక కాదు. ఆ వైపు ఉన్న రెండు రోజులూ పైన కెమెరాలో మబ్బు తప్ప మరేమీ కనిపించలేదు. పాస్ గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకానే ఉచితం, అక్కడినుంచి పైకి ఇరవై అయిదు శాతం తగ్గింపు మాత్రమే. చాలా కొండ రైళ్లకు సగం ధర తగ్గించే పాస్, మన దేశంనుంచి వెళ్లేవాళ్లు అందరికంటే ఎక్కువగా కోరుకునే చోట ఇంత తక్కువ ఇవ్వడం నాకు నచ్చలేదు. పాస్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. తీరా ముందే టికెట్టు కొని ఉంటే మబ్బులోకే వెళ్లవలసి వచ్చేది.

తిండి గురించి రెండు మాటలు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు అక్కడికి తీసుకెళ్లకూడదు, కస్టమ్స్ నిబంధన. మా ఆవిడ కందిపొడి, చింతకాయ పచ్చడి, అటుకులు తెచ్చింది. వంటగది ఉన్న గదులే తీసుకున్నాం, బియ్యం సూపర్‌మార్కెట్‌లో దొరికాయి. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోనివి తెరిచే ఉంటాయి. కొళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. చక్రాల సూట్‌కేసు మంచు మీద కదలదు, కాబట్టి వీపుకు తగిలించుకునే సంచులే మేలు. బూట్ల కింద తొడుక్కునే ముళ్ల పట్టీలు తప్పకుండా కొనండి. ముర్రెన్‌లో మా ఆవిడ జారి పడబోయిన తర్వాతే మేము కొన్నాం.

ఇక బెర్నీనా కొండ రైలుమార్గం. ఈ ప్రయాణంలో నేను మళ్లీ చూడాలనుకునేది ఇదొక్కటే. బెర్నీనా ఎక్స్‌ప్రెస్ అనే అద్దాల రైలుకు సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి పాస్ ఉన్నా అదనపు రుసుము ఉంటుంది. కానీ అవే పట్టాల మీద మామూలు రైలు కూడా నడుస్తుంది. దానికి ఏ రిజర్వేషనూ అక్కర్లేదు, పాస్ ఇటలీలోని టిరానో దాకా చెల్లుతుంది. పైగా పాత పెట్టెల్లో కొన్నింటి కిటికీలు దించుకోవచ్చు. మేము ఖూర్‌నుంచి పొద్దునే బయలుదేరి, సెయింట్ మోరిట్జ్‌లో బండి మారి ఎక్కాం.

మా కిరందూల్ మార్గంలో అరవై మీటర్లకు ఒక మీటరు ఎక్కడమే మాకు పెద్ద పరీక్ష. వర్షాకాలంలో చక్రం జారుతుందేమోనని గుండె పట్టుకుని కూర్చున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. బెర్నీనాలో పద్నాలుగు మీటర్లకే ఒక మీటరు. పళ్ల పట్టాలు లేవు. ఉక్కు మీద ఉక్కు చక్రం, అంతే. 1910లో పూర్తయిన మార్గం అది, ఆ మంచులో, ఏడాది పొడవునా నడుపుతున్నారు. 2,253 మీటర్ల ఎత్తున ఓస్పిజియో బెర్నీనా స్టేషన్ పక్కన ఉన్న సరస్సు పూర్తిగా గడ్డకట్టి, మంచు కప్పుకుని, ఎక్కడ నీరో ఎక్కడ నేలో తెలియకుండా ఉంది. అక్కడే నీళ్లు రెండు దారులవుతాయి. ఒకవైపువి నల్ల సముద్రానికి, మరోవైపువి ఏడ్రియాటిక్ సముద్రానికి. అక్కడినుంచి రైలు మలుపులు తిరుగుతూ 429 మీటర్ల ఎత్తున ఉన్న టిరానోకు దిగిపోతుంది. బ్రూసియో దగ్గర వంతెన మీద పూర్తి వలయం చుట్టి తన దారి కిందనుంచే వెళ్తుంది. మనవడు కిటికీకి అతుక్కుని, "తాతయ్యా, మన ఇంజను మనకే కనిపిస్తోంది చూడు!" అని అరిచాడు.

ఒక జాగ్రత్త చెబుతాను. చలికాలంలో ఒక్కరోజులో జ్యూరిక్‌నుంచి టిరానోకు వెళ్లి తిరిగి రావాలనుకోవద్దు. తిరుగు దారిలో సగం చీకట్లోనే గడుస్తుంది. ఖూర్‌లోనో పోంత్రెసీనాలోనో రాత్రి ఉండండి.

తిరిగి వచ్చేటప్పుడు ఓస్పిజియోలో బండి రెండు నిమిషాలు ఆగింది. గాలికి మంచు పట్టాల మీదకు కొట్టుకొస్తోంది. నారింజ రంగు కోట్లు వేసుకున్న ఇద్దరు, రైలు ఒక పట్టా నుంచి మరో పట్టాకు మారే పాయింట్ల దగ్గర వంగి పారలతో మంచు తీస్తున్నారు. నేను కిటికీ దించి, చేయెత్తి నమస్కారం పెట్టాను. వారిలో పెద్దాయన నడుము నిలబెట్టి, పార పైకెత్తి చూపి, మళ్లీ పనిలోకి వంగాడు.