అబద్ధమాడక తప్పని ప్రేమ: ఆక్రమిత డెన్మార్క్ నేపథ్యంలో ఒక క్రైస్తవ నవల

క్రైస్తవ చారిత్రక ప్రేమ నవలల్లో చాలాసార్లు విశ్వాసం వల్ల పాత్రలకు ఏ నష్టమూ కలగదు. ప్రార్థించిన వెంటనే దారి దొరుకుతుంది, చివరికి పెళ్లి జరుగుతుంది. 1943 నాటి డెన్మార్క్‌లో సాగే ఈ నవల మాత్రం, దైవభక్తి గల ఇద్దరిని రోజూ అబద్ధమాడక తప్పని స్థితిలో నిలబెట్టి, వారి ప్రేమను అక్కడి నుంచే పెంచుతుంది. నాకు ఇది అమితంగా నచ్చడానికి కారణం అదే.

నాయిక ఒక లూథరన్ పాస్టరు కూతురు, కోపెన్‌హాగెన్‌లోని బిస్పెబియెర్ ఆసుపత్రిలో నర్సు. నాయకుడు ఉత్తర తీరంలోని గిల్లెలైయె రేవులో జాలరి. జర్మన్ సైన్యం 1940 ఏప్రిల్ 9న దేశాన్ని ఆక్రమించినా రాజు, ప్రభుత్వం కొనసాగడంతో మూడేళ్లపాటు జనజీవనం పైకి మామూలుగానే సాగింది. ఆ మామూలుతనం వెనుక ఉన్న రాజీని రచయిత్రి మొదటి భాగంలో ఓపికగా చూపించారు. 1943 ఆగస్టు 29న ఆ ఏర్పాటు కూలిపోవడం, యూదులను నిర్బంధించబోతున్నారన్న కబురు సెప్టెంబరు చివరిలో జర్మన్ దౌత్యాధికారి డుక్విట్జ్ ద్వారా బయటికి రావడంతో కథ ఊపందుకుంటుంది.

ఆ ఆసుపత్రిలో యూదులను మారుపేర్లతో రోగులుగా చేర్చుకుని దాచడం చరిత్రలో నిజంగా జరిగింది. నాయిక ఆ పేర్లను రిజిస్టరులో రాస్తూ, బైబిలులో వేగులవారిని దాచి, వారికోసం అబద్ధమాడిన రాహాబు అనే స్త్రీని తలుచుకుంటుంది. రాహాబు ఆడిన అబద్ధాన్ని దేవుడు క్షమించాడా, మెచ్చుకున్నాడా అని తండ్రిని అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పలేకపోతాడు. అధికారులకు లోబడి ఉండమన్న బైబిలులోని రోమా పత్రిక 13వ అధ్యాయాన్ని అంతకాలం బోధించిన ఆ పెద్దాయనే, అక్టోబరు 3న బిషపుల లేఖను సంఘం ఎదుట చదవాల్సి వస్తుంది. యూదులను హింసించడాన్ని ఖండిస్తూ, మనుషుల కన్నా దేవునికే లోబడాలని చెప్పిన ఆ లేఖను ఆయన గొంతుతో వినిపించిన అధ్యాయం ఈ పుస్తకంలో అన్నిటికన్నా బలమైనది.

గిల్లెలైయె చర్చి అటకపై దాగిన సుమారు 80 మందిని అక్టోబరు 7 తెల్లవారుజామున నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో పట్టుకున్న ఘటనను కూడా రచయిత్రి తప్పించుకోలేదు. నాయకుడు పడవ సిద్ధం చేసుకుని వేచి ఉన్న రాత్రే అది జరుగుతుంది. అతని ప్రార్థనకు జవాబు రాదు, ఎందుకు రాలేదో ఎవరూ వివరించరు. 7,000 మందికి పైగా ఓరెసుండ్ జలసంధి దాటి స్వీడన్ చేరినా, సుమారు 470 మందిని నాజీలు తెరెసియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి తరలించారన్న సంగతిని మరుగున పడనివ్వని నవల ఇది.

లోపాలు లేకపోలేదు. చాలామంది జాలరులు ఆ ప్రయాణానికి డబ్బు తీసుకున్నారు. పట్టుబడితే పడవా, బతుకుదెరువూ పోతాయన్న భయం దానికి ఒక కారణం. ఈ నవలలో ఎవరూ పైసా అడగరు. నాయకుడు డబ్బు తీసుకుని, ఆ సంగతి నాయికకు చెప్పలేక నలిగిపోయి ఉంటే వారి మధ్య దాపరికానికి ఇంకా లోతు వచ్చేది. ఒక జర్మన్ సైనికుడు ఒకే సంభాషణతో మారుమనస్సు పొందడం నమ్మదగినట్టుగా లేదు. నాజీలను బహిరంగంగా విమర్శించిన పాస్టరు, నాటకకర్త కాయ్ మున్క్‌ను 1944 జనవరి 4న వారు చంపిన ఘటన నాయిక తండ్రిని కుదిపివేయవలసింది. అది ఒక్క వాక్యంలో ముగిసిపోయింది.

ప్రేమ సన్నివేశాలు తక్కువ, అవి కూడా నిగ్రహంతో రాసినవి. వాటికోసమే చదివేవారికి మొదటి భాగం నెమ్మదిగా అనిపిస్తుంది. విశ్వాసం గురించి నిజాయితీగా ఆలోచించే పాఠకులకు మాత్రం నేను ఈ నవలను గట్టిగా సిఫారసు చేస్తాను.