ఏ పుస్తకం వద్దనాలి? మూడు తూకాలు

బౌద్ధం గురించి ఏం చదవమంటారని ఎవరైనా అడిగితే నాలుగు పేర్లు చెప్పి బయటపడొచ్చు. మొన్న తెలిసిన కుర్రాడొకడు ప్రశ్న తిరగేశాడు: "ఏవి చదవొద్దంటారు?" నేను నీళ్ళు నమిలాను. వద్దనాలంటే కారణం చెప్పాలి కదా. ఆ రాత్రి అల్మరా ముందు కూర్చుని ఒక్కో పుస్తకం తీసి చూస్తే తెలిసిందేమిటంటే, ఇన్నాళ్ళూ నేను వీటిని మూడు రకాలుగా తూస్తున్నాను. ఒక తూకంలో బరువుగా ఉన్నది ఇంకో తూకంలో తేలిపోతోంది.

అందరూ వాడే తూకం ఇంకొకటుంది: నచ్చిందా లేదా. దాన్ని ముందే పక్కన పెట్టేస్తాను. "ఎవరు చెప్పినా, చివరికి నేను చెప్పినా, నీ ఇంగితానికి సరిపడితేనే నమ్ము" అని బుద్ధుడన్నట్టు ఒక వాక్యం ఫోన్లలో తెగ తిరుగుతుంటుంది. పాళీ భాషలోని బుద్ధుడి బోధల సంపుటాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో కాలామ సుత్తం అనే ప్రసంగముంది, దాన్నే ఆధారంగా చూపిస్తారు. ఆ సుత్తం తెరిచి చూడండి. కేసపుత్తం ఊరి కాలాములు వచ్చి మొర పెట్టుకుంటారు: వచ్చిన ప్రతి గురువూ తన మాటే గొప్పంటాడు, పక్కవాడి మాట తీసిపారేస్తాడు, మేమెవర్ని నమ్మాలి? దేన్నిబట్టి ఒప్పేసుకోకూడదో బుద్ధుడు పది చెప్తాడు. విన్న మాట, పరంపర, పిటకంలో, అంటే ధర్మగ్రంథంలో ఉందన్న కారణం, ఈయన మా గురువన్న గౌరవం. ఇవి అందరికీ గుర్తుంటాయి. అదే వరుసలో తర్కమూ ఉంది, మన అభిప్రాయానికి సరిపోవడమూ ఉంది. అంటే ఫోన్లలో తిరిగే వాక్యం తన మూలానికే ఎదురు తిరిగిందన్నమాట. మనకు బాగా నచ్చిన పుస్తకం చాలాసార్లు మనం ముందే నమ్మినదాన్ని కాస్త తియ్యగా తిరిగి చెప్పినదే అయ్యుంటుంది.

ఇక మొదటి తూకం: మూలంతో పోల్చడం. దీనికి దారి బుద్ధుడి చివరి రోజుల్ని చెప్పే మహాపరినిబ్బాన సుత్తమే చూపించింది. "ఇది నేను బుద్ధుడి నోటే విన్నాను" అని ఎవరైనా వస్తే మెచ్చుకోనూ వద్దు, కాదని తోసెయ్యనూ వద్దు. ఆ మాటలు సుత్తంతో, వినయంతో (అణకువ కాదు, భిక్షువుల నియమావళి) పొసగుతాయో లేదో చూడండి అంటుంది. సూక్తుల సంకలనాల పని పట్టడానికి ఇంతకు మించింది లేదు. కోపం పెట్టుకోవడమంటే తాను విషం తాగి ఎదుటివాడు చావాలని కోరుకోవడమేనన్న మాట బుద్ధుడి పేరుతో చలామణీ అవుతోంది. పాళీ సుత్తాల్లో ఎంత వెదికినా అది దొరకదు. మాట మంచిదే, సంతకం దొంగది. ఒక పుస్తకంలో ఇలాంటివి మూడు కనపడితే నాలుగోదాన్ని నేను నమ్మను.

కానీ ఈ తూకంతో ఒక చిక్కుంది. ఏది మూలం? పాళీ పిటకమే కొలబద్ద అనుకుంటే మహాయానమనే మరో పెద్ద బౌద్ధ శాఖ సూత్రాలన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. పోల్చి చూడమన్న మాట చివరికి మా శాఖ, మీ శాఖ అనే కంచెగా మారుతుంది. రాజస్థాన్‌లోని బైరాట్ దగ్గర దొరికిన శాసనంలో అశోకుడు ఈ చిక్కును దాటిన తీరు నాకిష్టం. బుద్ధ భగవానుడు చెప్పినదంతా సుభాషితమే అని మొదలుపెట్టి, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు తరచుగా వినాల్సినవంటూ ఏడు ధర్మపాఠాలను ఏరి చెప్తాడు. అబద్ధం గురించి బుద్ధుడు కొడుకు రాహులుడికి చేసిన బోధ వాటిలో ఒకటి. వినకూడని వాటి జాబితా మాత్రం అందులో లేదు.

రెండోది, రాసినవాణ్ణి తూచడం. 1956లో లండన్‌లో "మూడో కన్ను" అనే అర్థమొచ్చే పేరుతో ఒక ఆత్మకథ వచ్చింది. రచయిత లోబ్సాంగ్ రాంపా అనే టిబెట్ లామా అన్నారు. నుదుటికి రంధ్రం చేసి మూడో కన్ను తెరిచారట. జనం విరగబడి కొన్నారు. టిబెట్ తెలిసినవాళ్ళకు అనుమానమొచ్చి ఒక డిటెక్టివ్‌ని పెట్టించారు. 1958కల్లా గుట్టు రట్టయింది: ఆ లామా అసలు పేరు సిరిల్ హాస్కిన్, ఇంగ్లండులో ఒక ప్లంబర్ కొడుకు. దొరికిపోయాక కూడా తగ్గలేదు, లామా ఆత్మ తన ఒంట్లోకి వచ్చిందన్నాడు. ఇంతకన్నా తేలిగ్గా వద్దనదగ్గ పుస్తకం ఏముంటుంది? అయితే టిబెట్ విషయాల్లో తర్వాత పండితులైన కొందరు, చిన్నప్పుడు తమకు ఆసక్తి పుట్టించింది ఈ నకిలీ పుస్తకమేనని ఒప్పుకున్నారు. ఇక్కడ నా తూకం కాస్త ఊగింది.

ఇందులో మధ్యరకాలూ ఉన్నాయి. బార్దో థోదోల్ అని ఒక టిబెట్ గ్రంథముంది. ఆ పేరుకు అర్థం, చావుకూ మరుపుట్టుకకూ నడుమనున్న మధ్యంతర స్థితిలో వినడం ద్వారా విముక్తి. 1927లో ఇంగ్లీషులో వచ్చినప్పుడు దానికి, ఈజిప్టువాళ్ళ "మృతుల గ్రంథం" పేరు చూసి, "టిబెట్ మృతుల గ్రంథం" అని పేరు పెట్టారు. అనువదించినది కాజీ దావా సందుప్. అచ్చయ్యేనాటికి ఆయన లేడు. సంపాదకుడు ఈవాన్స్-వెంట్జ్‌కు టిబెటన్ రాదు, దివ్యజ్ఞాన సమాజం భావాలు మాత్రం దండిగా ఉన్నాయి. మూలం అసలైనదే. దాని చుట్టూ అల్లిన వ్యాఖ్యానం వేరే ఇంటి సరుకు. ఇలాంటివాటిని పారెయ్యక్కర్లేదు, ఎవరి గొంతు ఎక్కడ మొదలైందో తెలిస్తే చాలు.

రచయితను తూచేటప్పుడు నేను గట్టిగా పట్టుకునేది వినయ పిటకంలోని ఒక నియమం. లేని సిద్ధి ఉందని తెలిసి తెలిసి చెప్పుకున్న భిక్షువు సంఘం నుంచి వెళ్ళిపోవాల్సిందే. నిజంగా ఉన్నా సరే, భిక్షువులు కానివాళ్ళకు చెప్పుకుంటే దోషమే. ఇప్పటి పుస్తకాల వెనక అట్టలు ఒకసారి చూడండి. "జ్ఞానోదయం పొందిన" అన్న మాటతో మొదలయ్యేవి ఎన్నో! రచయిత భిక్షువు కాకపోవచ్చు, నియమం ఆయనకు వర్తించకపోవచ్చు. అయినా అట్ట మీద ఆ మాట ఉంటే నా చెయ్యి వెనక్కే వస్తుంది.

మూడో తూకం, చదివాక మనిషి ఏమయ్యాడన్నది. వేసాలి నగరంలో, బుద్ధుణ్ణి పెంచిన తల్లి మహాపజాపతి గోతమి ఆయన్ని క్లుప్తంగా ధమ్మం, అంటే ఆయన బోధ, చెప్పమంటుంది, ఒంటరిగా సాధన చేసుకోవడానికి. ఆయన ఏ గ్రంథం పేరూ చెప్పలేదు. ఏ బోధలు రాగం పెంచుతాయో, బంధిస్తాయో, కూడబెట్టిస్తాయో, కోరికలూ అసంతృప్తీ పెంచుతాయో, గుంపుల వెంట తిప్పుతాయో, సోమరిని చేస్తాయో, ఇతరులకు భారం చేస్తాయో, అవి ధమ్మం కావు అన్నాడు. వీటికి వ్యతిరేకమైనవి ధమ్మం. ఎనిమిదే గుర్తులు.

ఈ గుర్తులు పెట్టుకుని నా అల్మరా చూసుకుంటే సిగ్గేసింది. అన్నిటికన్నా ఎక్కువ గీతలు గీసుకున్న పుస్తకం ఒక ఖండన గ్రంథం. రాసినవాడు నిజమైన పండితుడు, ప్రతి మాటకూ పాళీ ఆధారముంది. మొదటి రెండు తూకాల్లో దానికి తిరుగు లేదు. అది చదివిన ఏడాదంతా నేను చేసిందేమిటి? కనపడ్డ ప్రతివాడితో వాదన. ధ్యానానికి కూర్చున్నా, ఎవరికి ఏం జవాబివ్వాలా అనే. మజ్ఝిమ నికాయమనే మరో పాళీ సంపుటంలో పాము ఉపమానం ఇలాంటివాళ్ళ కోసమే చెప్పారేమో. పరుల్ని తప్పుపట్టడానికి, వాదనలో గెలవడానికి ధమ్మం నేర్చుకునేవాడు పామును తోక దగ్గర పట్టుకున్నవాడు, అది తిరిగి కాటేస్తుంది. పాములో లోపం లేదు. చెయ్యి పెట్టిన చోటే తప్పు.

మరి ఏది మేలు? నా ఓటు మూడోదానికే. కాకపోతే అది ఆలస్యంగా తూగుతుంది, నెలలు పడుతుంది. అందుకే పుస్తకం చేతిలోకి తీసుకునే ముందు మొదటి రెండూ, తీసుకున్నాక మూడోదీ వాడతాను. ఒక్క రకాన్ని మాత్రం ఏ తూకమూ లేకుండా వద్దంటాను: జబ్బంతా మనసు కల్పనే, మందులు మానెయ్యి అని చెప్పేవి. దిగులుతో కుంగిపోతున్నవాడి చేతిలో రోజుకు పది గంటల ధ్యానం నేర్పే పుస్తకం పెట్టడం కూడా నాకిష్టం లేదు. ముందు వైద్యుణ్ణి చూడాలి. ఆ పుస్తకం మంచిదే కావచ్చు, వేళ మంచిది కాదు.

ఖండన గ్రంథాన్ని స్టూలు వేస్తే తప్ప అందని పై అరలోకి ఎక్కించాను. మూడో కన్ను పుస్తకం ఇంకా కిందే ఉంది, కథల వరసలో. కుర్రాడు మళ్ళీ వచ్చినప్పుడు ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. బుద్ధిగా తలూపుతూ విన్నాడు.

"ముందు ఆ ప్లంబర్ కొడుకు పుస్తకం ఇవ్వండి" అన్నాడు.