బిస్టో ఎర్ర డబ్బా: సాసేజ్, మాష్ భోజనానికి పనికొస్తుంది, ఒక షరతు మీద

బ్రిటన్‌లో చలికాలపు రాత్రి భోజనాల్లో సాసేజ్, మాష్‌కు స్థిరమైన చోటుంది. నిదానంగా వేయించిన పంది మాంసపు సాసేజ్‌లు, వెన్నా పాలూ కలిపి మెదిపిన బంగాళదుంపలు, వాటి మీద మాంసపు రసంతో చేసే ముదురు రంగు గ్రేవీ. మొదటి రెండింటికీ ఓపిక చాలు. కొత్తగా వండేవారు తడబడేది గ్రేవీ దగ్గర. అక్కడి సూపర్‌మార్కెట్లలో ఎర్ర డబ్బాలో దొరికే బిస్టో గ్రేవీ గ్రాన్యూల్స్‌ను, అంటే మరిగే నీళ్ళు పోస్తే గ్రేవీ అయ్యే పలుకులను, ఈ ఒక్క భోజనాన్ని దృష్టిలో పెట్టుకొనే పరిశీలించాను.

బిస్టో 1908లో పొడిగా మొదలైంది. ఆ పొడిని చన్నీళ్ళలో కలిపి, మాంసం కాల్చిన పళ్ళెంలో మిగిలిన రసంలో పోసి మరిగించాలి. అంటే రుచి మాంసానిది, చిక్కదనమూ రంగూ పొడివి. 1979లో వచ్చిన గ్రాన్యూల్స్‌తో ఆ రసం అవసరమే లేకుండా పోయింది. పిండి రేణువులకు కొవ్వు పట్టి ఉండటం వల్ల మరిగే నీళ్ళు పోసినప్పుడు అవి ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా ఉబ్బుతాయి, అందుకే ఉండలు కట్టవు. నాలుగు టీస్పూన్ల నిండా పలుకులకు 280 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి గట్టిగా కలపాలి. నీళ్ళు సలసల మరుగుతూ ఉండాలి. వేడి చాలకపోతే పిండి ఉడకక గ్రేవీ పలచగా మిగులుతుంది.

ఇలా ఒట్టి నీళ్ళతో చేసిన గ్రేవీ నునుపుగా, చూడముచ్చటగా ఉంటుంది కానీ, నోట్లో ముందుగా తగిలేది ఉప్పు, రుచి పెంచడానికి వేసే మోనోసోడియం గ్లుటమేట్ ఇచ్చే రుచి. ఆ తరువాత చెప్పుకోదగినదేమీ మిగలదు. ఉప్పు తగ్గించిన రకాన్ని కూడా ఆ సంస్థే అమ్ముతుంది కాబట్టి అది దొరికితే దాన్నే తీసుకోవచ్చు.

అయినా సాసేజ్‌ల విషయంలో దీని సాయం న్యాయమైనదే. బ్రిటిష్ సాసేజ్‌లలో మాంసంతో పాటు రస్క్ పొడి కలుపుతారు, అది నీటినీ కొవ్వునూ పట్టి ఉంచుతుంది. అందువల్ల పెనంలో గ్రేవీకి సరిపడా రసం దిగదు, అడుగున కాస్త కొవ్వు, మాడీ మాడని గోధుమరంగు పొర మాత్రమే మిగులుతాయి. ఆ పొరను వదులుకోకూడదన్నదే నా షరతు. మిరియాల ఘాటున్న కంబర్లాండ్ సాసేజ్‌లను గానీ, సేజ్ ఆకు వాసన ఉండే లింకన్‌షైర్ సాసేజ్‌లను గానీ ఫోర్కుతో గుచ్చకుండా, సన్నని సెగ మీద తిప్పుతూ ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు వేయించి తీయాలి. అదే పెనంలో కొద్దిగా వెన్న వేసి, రెండు పెద్ద ఉల్లిపాయల్ని పొడవుగా తరిగి, అవి తీపెక్కి తేనె రంగుకు వచ్చేదాకా అరగంట మగ్గనివ్వాలి. తరువాత వేడినీళ్ళు పోసి అడుగు గీరుతూ మరిగించి, డబ్బా మీద చెప్పినదాంట్లో సగం, అంటే రెండు టీస్పూన్ల పలుకులు చల్లి కలపాలి. చిక్కదనానికి ఉల్లిపాయలు కూడా తోడవుతాయి కాబట్టి అంతకు మించి అవసరం రాదు. విడిగా ఉప్పు వేయనక్కరలేదు. ఉల్లి తీపి ఆ పలుకుల ఉప్పదనాన్ని అదుపులో పెట్టడంతో డబ్బా రుచి వెనక్కి తగ్గి, సాసేజ్ రుచి ముందుకు వస్తుంది.

మాష్‌కు మారిస్ పైపర్, కింగ్ ఎడ్వర్డ్ వంటి పిండి రకం దుంపలు మేలు. ఉడికాక నీళ్ళు వంచేసి, ఆవిరి పోయేదాకా ఆగి మెదిపితే జిగురు రాదు. వడ్డించేటప్పుడు ముద్దపప్పులో నెయ్యికి చేసినట్టు మధ్యలో గుంట చేసి గ్రేవీ పోస్తే అది పళ్ళెమంతా పారదు.

గొడ్డు మాంసం తినని తెలుగు కుటుంబాలకు ఒక మాట. ఎర్ర డబ్బాలోని ముఖ్య పదార్థాలు బంగాళదుంప పిండి, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం నుంచి తీసే పొడి), పామాయిల్, ఉప్పు, గోధుమ పిండి. శాకాహారులకు తగినదని డబ్బా మీదే ఉంటుంది. శాకాహార సాసేజ్‌లతోనూ దీన్ని నిశ్చింతగా వాడవచ్చు, అయితే ఇదే పేరుతో వచ్చే మిగతా రకాలను కొనేముందు వాటి మీద ఏం రాసి ఉందో విడిగా చదువుకోవాలి. గోధుమ పడనివారికి ఇది తగదు.

తడి చెంచా తగిలితే పలుకులు గడ్డకడతాయి, మూత బిగించి పొడి చోట ఉంచాలి. కోడినో గొర్రె మాంసాన్నో రోస్ట్ చేసే రోజున మాత్రం పళ్ళెంలో కావలసినంత రసం మిగులుతుంది కనుక ఈ డబ్బా జోలికి వెళ్ళకుండా, ఇప్పటికీ అమ్మకంలో ఉన్న ఆ పాత పొడినే నేను ఎంచుకుంటాను.