కొత్త ట్రాలీ కొంటున్నారా? బ్రేకులు చూడకుండా డబ్బు మొత్తం కట్టకండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు కొత్త ట్రాక్టర్ ట్రాలీ కొనబోతున్న రైతులందరికీ ఈ హెచ్చరిక. రంగు, రేకు మందం, టైర్ల కంపెనీ, జాకీ ఎత్తు అన్నీ చూసి బేరం చేస్తాం. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి ట్రాలీ తయారుచేసి అమ్మే షెడ్డు వాళ్ల మాట నమ్మేస్తాం. ఆ నమ్మకం మా ఇంట్లో ప్రాణం మీదికి తెచ్చింది.

మేము కొన్నది నాలుగు చక్రాల టిప్పింగ్ ట్రాలీ. వెనక ఇరుసుకు ఆయిల్ బ్రేకులు పెట్టి, వాటికి విడిగా డబ్బు తీసుకున్నారు. వడ్లు నింపుకుని మిర్యాలగూడ మిల్లుకు బయలుదేరితే, మా ఊరి చెరువు కట్ట దిగే వాలులో మా తమ్ముడు బ్రేకు తొక్కాడు. ట్రాక్టరు నెమ్మదించింది కానీ ట్రాలీ నెమ్మదించలేదు. వెనక నుంచి తోసుకొచ్చి ట్రాక్టరును అడ్డం తిప్పబోయింది. వాడు ముందే చిన్న గేరులో దిగుతున్నాడు కాబట్టి, ట్రాక్టరుకు ఎడమ, కుడి చక్రాలకు విడిగా ఉండే రెండు బ్రేకు పెడళ్లకు కలిపి గొళ్లెం వేసి ఉంది కాబట్టి ఎలాగో కట్ట అంచున ఆపగలిగాడు. అటు పక్క బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు ఉన్నారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఊరి మెకానిక్ వచ్చి వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు రెండూ విప్పాడు. ఎడమ చక్రం లైనర్ల మీద, అంటే డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే షూలకు ఉండే పట్టీల మీద, రాపిడి గుర్తు ఒక్కటీ లేదు. తయారీలో పడిన సన్నటి గీతలు అలాగే ఉన్నాయి, అంచున ట్రాలీకి కొట్టిన ఎర్ర రంగు తుంపరలు కూడా చెరగలేదు. అంటే ఆ షూ డ్రమ్మును ఒక్కసారి కూడా తాకలేదు. కుడి పక్క దీనికి పూర్తిగా వ్యతిరేకం. షూ ఎప్పుడూ రాసుకుంటూనే ఉండటంతో డ్రమ్ము లోపలి వైపు నీలంగా మారింది, బేరింగు గ్రీజు కరిగి కారి లైనరును తడిపేసింది. గ్రీజు పట్టిన లైనరు ఇక పట్టదు, మార్చాల్సిందే. షూకూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేసే అడ్జస్టింగ్ బోల్టును కదలకుండా పట్టే లాక్ నట్టు చేతి వేళ్లతో తిప్పితే తిరిగింది. పానాతో బిగించనే లేదన్నమాట.

షెడ్డుకు ఫోను చేస్తే వచ్చిన జవాబు: ‘అన్నా, కొత్త బండి కదా! నాలుగు లోడ్లు కొడితే అవే సర్దుకుంటాయి.’

ఈ మాట మీకూ చెబుతారు. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే మోసపోతాం. కొత్త లైనరు మొదట్లో డ్రమ్ముకు నిండుగా ఆనదు, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే తగులుతుంది. కొంత నడిచి అరిగాక పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ అరగాలంటే ముందు తగలాలి కదా! అసలు తగలని షూ వంద లోడ్లు కొట్టినా సర్దుకోదు. తగిలిన షూ అరిగే కొద్దీ సందు పెరుగుతుంది కాబట్టి మొదటి కొన్ని లోడ్ల తర్వాత మళ్లీ బిగించాలి. ఇచ్చేటప్పుడు ఒకసారి, కొంత నడిచాక మరోసారి సరిచేసి ఇవ్వడం అమ్మినవాళ్ల బాధ్యత.

ట్రాక్టరుకే బ్రేకులున్నాయి, ట్రాలీకి ఎందుకు అనేవాళ్లు లెక్క చూడండి. 40 కిలోల బస్తాలు నూరు వేస్తే 4 టన్నులు. ట్రాలీ సొంత బరువు కలిపితే, సుమారు 2 టన్నుల ట్రాక్టరుకు రెట్టింపు దాటుతుంది. మన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో ట్రెయిలర్ బ్రేకుల కోసమే 97వ నిబంధన ఉంది.

షెడ్డులోనే, మీ కళ్ల ముందే ఈ పరీక్ష చేయించండి. ఖాళీ ట్రాలీని చదునైన నేల మీద నిలిపి, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఒక్కో వెనక చక్రాన్ని జాకీతో ఎత్తి కింద స్టాండు పెట్టాలి. లాక్ నట్టు వదులు చేసి, చక్రం చేత్తో తిప్పుతూ అడ్జస్టింగ్ బోల్టు బిగించాలి. షూ పట్టి చక్రం ఆగిపోయాక, తిరిగి స్వేచ్ఛగా తిరిగేంత మేరకే వెనక్కి వదలాలి. సన్నగా రాసుకునే చప్పుడు వినిపించినా ఫరవాలేదు. తర్వాత లాక్ నట్టు పానాతో గట్టిగా బిగించాలి. రెండు పక్కలా ఒకే తీరుగా వదలడం ముఖ్యం, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. ఇప్పుడు ఒకరు ట్రాక్టరు ఎక్కి బ్రేకు తొక్కాలి, మరొకరు చక్రం తిప్పి చూడాలి. అసలు కదలకూడదు. తొక్కి పట్టినప్పుడు షూలను డ్రమ్ముకు ఒత్తే కామ్ లీవరుకూ దాన్ని లాగే కడ్డీకీ మధ్య కోణం లంబకోణానికి దగ్గరగా ఉండాలి. లీవరు మరీ వాలిపోతే బలం సరిగా అందదు. బ్రేకు ఆయిల్ గొట్టంలో గాలి ఉంటే తీయించండి, జాయింట్ల దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూడండి.

ఆ తర్వాత మట్టి నేల మీద ఖాళీ ట్రాలీని నెమ్మదిగా నడిపి గట్టిగా బ్రేకు వేస్తే రెండు వెనక టైర్లూ ఒకేలా గీత గీయాలి. మొదటి లోడు దించాక డ్రమ్ముల మీద నాలుగు నీటి చుక్కలు చల్లండి. ఒక పక్క చుయ్యిమని, రెండో పక్క చప్పుడే లేకపోతే సర్దుబాటు తప్పినట్టే. చేయి పెట్టి చూడకండి, కాలుతుంది. చక్రాల నట్లు కూడా అప్పుడే మరోసారి బిగించండి.

బిల్లు లేకుండా ఎంత తగ్గిస్తామన్నా ఒప్పుకోకండి. బిల్లు మీద ట్రాలీ నంబరు, ‘వెనక ఇరుసుకు ఆయిల్ బ్రేకులతో’ అన్న మాట రాయించండి. స్వయం ఉపాధితో బతకడానికే కొన్న వస్తువైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం వినియోగదారులమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 2 సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. విప్పిన డ్రమ్ముల ఫోటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం భద్రంగా ఉంచుకోండి.

మా షెడ్డు వాళ్లు ఎడమ చక్రం సరిచేశారు కానీ, కాలిన డ్రమ్మూ లైనర్లూ మార్చడానికి మాత్రం ఒప్పుకోలేదు. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం, జవాబు రాకపోతే నల్లగొండ కమిషన్‌కు వెళ్తాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే అడ్జస్ట్ చేయకుండానే అమ్మే అలవాటు ఆ ఒక్క షెడ్డుదే కాదు. ఈ మధ్య ఎక్కడ ట్రాలీ కొన్నా సరే, వడ్ల కొనుగోలు కేంద్రాలు తెరవకముందే ఒక పూట పని ఆపుకుని రెండు డ్రమ్ములూ విప్పించి చూడండి.