ఆడవాళ్ల అణచివేతపై డిస్టోపియా: ముందు ఏది చదివితే మేలు?

చెన్నైలో తెలుగువాళ్లు నలుగురు కలిసి డిస్టోపియా, అంటే బతుకు నరకమైపోయిన సమాజాన్ని ఊహించే కథ, చదువుకోవాలంటే రెండు పుస్తకాల మధ్యే తర్జనభర్జన. మార్గరెట్ అట్‌వుడ్ నవల ‘ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ (1985), రొకేయా సఖావత్ హుస్సేన్ కథ ‘సుల్తానాస్ డ్రీమ్’ (1905). రెండోది అచ్చయింది మద్రాసు పత్రికలోనే: కమలా సత్తియనాథన్ నడిపిన ‘ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో.

ఒక్క సాయంత్రమే ఉంటే రొకేయా. గంటలో అయిపోతుంది. సుల్తానా కలలో మగవాళ్లు మర్దానాలో (ఇంట్లో వాళ్లను మూసిపెట్టిన గదుల్లో), ఆడవాళ్లు ఏలుబడిలో. నిజానికిది డిస్టోపియా కాదు, పరదాను తిరగేసి చేసిన వెక్కిరింత. అందుకే జనం హాయిగా నవ్వుకుని లేచిపోతారు. పిచ్చివాళ్లను బయట వదిలి బుద్ధిమంతుల్ని లోపల పెడతారా అని, ఆ కలలో సుల్తానాను వెంట తిప్పే సారా నిలదీసే చోట ఆపండి. అమ్మాయిల హాస్టల్ గేటుకే ముందు తాళం ఎందుకు పడుతుందో అక్కడ తేలాలి.

నెల రోజులుంటే మాత్రం అట్‌వుడే. పాలకుల ఇళ్లకు పిల్లల్ని కనివ్వడానికి బలవంతంగా దాసీని చేసిన ఒకామె గోడు ఈ నవల. చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిది రాయనని రచయిత్రి నియమం పెట్టుకుంది. బలవంతపు కాన్పుల వెనుక గర్భస్రావాన్ని నిషేధించిన రొమేనియా 1966 నాటి డిక్రీ 770 కనిపిస్తుంది. పిల్లల్ని లాక్కుని పాలకుల ఇళ్లకివ్వడం 1976–83 అర్జెంటీనా సైనిక పాలనలో జరిగిందే. చిక్కల్లా, ‘అదంతా పరాయి దేశాల గోల’ అని చర్చ తెగిపోవడం. కాబట్టి ఆ దాసీలు తొడిగే ఎర్ర గౌన్ల దగ్గర కాకుండా 28వ అధ్యాయం దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. దాసీ కాకముందు, కథ చెప్పే ఆమె సిగరెట్లు కొనబోతే కార్డు చెల్లదు. మధ్యాహ్నానికి ఉద్యోగం పోతుంది. ఖాతాలో డబ్బు మొగుడి చేతికి వెళుతుంది. ‘నిన్ను నేను చూసుకుంటాగా’ అంటాడు ఆ మొగుడు లూక్, ప్రేమగానే. మనిళ్లలో ఈ మాట కొత్తదా? ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో, తమిళనాడులో 1989లో వచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను రెండూ పక్కన పెట్టాయి. ఆ మెలిక తీరడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది.

కాథరిన్ బర్డెకిన్ ‘స్వస్తికా నైట్’ (1937) గొప్ప ఊహే, కానీ ఉపన్యాసాల బరువెక్కువ. మొదటి పుస్తకంగా వద్దు.

‘ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ టీవీ సీరియల్ చూశాం చాలు అనేవాళ్లకు ఒక మాట: నవల ముగిసిన చోటు దాటి అది చాలా దూరం పోయింది. పైగా నవల చివరి ‘హిస్టారికల్ నోట్స్’ను అనుబంధమనుకుని వదిలేసేవాళ్లూ ఉంటారు. 2195లో ఒక ప్రొఫెసర్ సభలో ప్రసంగిస్తూ, ఆ దాసీ గోడు వదిలేసి, ఆమెను ఉంచుకున్న కమాండర్ ఎవరో తేల్చడానికి తంటాలు పడే భాగమది. దాన్ని ఎవరిచేతైనా పైకి చదివించండి, సభలో నవ్వులు పడ్డాయని రాసిన చోట్లతో సహా.