నియోజకవర్గం హద్దులు తరచూ మార్చాలా, అలాగే ఉంచాలా? సర్రే-న్యూటన్, శేరిలింగంపల్లి పక్కపక్కన

1980ల చివర్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్‌లో ఉత్తరాన అట్లిన్ అనే నియోజకవర్గం ఉండేది. జనాభా 5,511. దక్షిణాన వాంకూవర్‌కు శివారైన సర్రేలో సర్రే-న్యూటన్ నియోజకవర్గం జనాభా 68,347. శాసనసభలో అట్లిన్‌కి ఒక ఎమ్మెల్యే, న్యూటన్‌కీ ఒకే ఎమ్మెల్యే. అంటే అట్లిన్‌లో ఒక మనిషికి ఉన్న ప్రాతినిధ్యాన్ని న్యూటన్‌లో పన్నెండు మంది పంచుకున్నారు.

శివారు ప్రాంతాలకు ఎక్కడైనా ఇదే కష్టం. నగరంలో ఇళ్ల ధరలు అందక జనం బయటికి వస్తారు, పొలాలు కాలనీలవుతాయి, పదేళ్లలో ఊరి రూపం మారిపోతుంది. నియోజకవర్గం మ్యాప్ మాత్రం పాతదే ఉంటుంది. ఆ మ్యాప్‌ను ఏం చేయాలనే దానికి రెండు దారులున్నాయి. కొన్నేళ్లకోసారి హద్దులు తిరగరాయడం ఒకటి, స్థిరత్వం కోసం దశాబ్దాల పాటు కదపకుండా ఉంచడం రెండోది. బ్రిటిష్ కొలంబియా మొదటిదాన్ని ఎంచుకుంది. మనం రెండో దారిలో ఉన్నాం.

అక్కడ మార్పు కోర్టు వల్ల వచ్చింది. 1989లో ఆ ప్రావిన్స్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి బెవర్లీ మెక్‌లాక్లిన్ ఈ హద్దులు రాజ్యాంగం ఇచ్చిన ఓటు హక్కుకు విరుద్ధమని తీర్పిచ్చారు. అప్పటికే జడ్జి ఫిషర్ కమిషన్ ఒక కొలత సూచించింది: ఏ నియోజకవర్గం జనాభా అయినా సగటుకు 25 శాతం అటూ ఇటూ దాటకూడదు, చాలా ప్రత్యేకమైన కారణం ఉంటే తప్ప. 1991 ఎన్నికలు కొత్త మ్యాప్‌తో, 75 సీట్లకు జరిగాయి. అప్పటి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) రీటా జాన్‌స్టన్‌ది సర్రే-న్యూటనే. కెనడాలో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ ఆవిడ. సొంత సీట్లోనే ఎన్‌డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) అభ్యర్థి పెనీ ప్రిడీ చేతిలో ఓడిపోయారు. ఆ ఓటమిని హద్దుల ఖాతాలో వేయడం సరికాదు. ఆమెకు ముందున్న ప్రీమియర్ వాండర్ జాల్మ్ సొంత వ్యాపార లావాదేవీల వివాదంలో రాజీనామా చేశాక వాళ్లిద్దరి పార్టీ మీద జనానికి నమ్మకం పోయింది.

అప్పటి నుంచి ప్రతి రెండు సాధారణ ఎన్నికల తర్వాత ఒక కమిషన్ వేయాలని చట్టం. ఒక జడ్జి లేదా రిటైర్డ్ జడ్జి, ప్రధాన ఎన్నికల అధికారి, స్పీకర్ సూచించిన మరొకరు, మొత్తం ముగ్గురు. శాసనసభ సీట్లు 79, 85, 87, ఇప్పుడు 93 అయ్యాయి. సర్రే పేరు మీద ఉన్న సీట్లు 2009లో 8, 2017లో 9, 2024లో 10. 2016 నుంచి 2021 వరకు అయిదేళ్లలోనే సర్రే జనాభా 5.18 లక్షల నుంచి 5.68 లక్షలకు పెరిగింది. పెరిగిన జనమే దాదాపు ఒక నియోజకవర్గానికి సరిపోతారు. మ్యాప్‌ను అలాగే వదిలేసి ఉంటే ఆ అరలక్ష మందీ ఉన్న సీట్లలోనే ఇరుక్కునేవాళ్లు.

ఇక మన సంగతి. 1971 జనాభా లెక్కలతో గీసిన హద్దులతోనే 2004 దాకా ఓటేశాం. 2008 డీలిమిటేషన్‌తో (నియోజకవర్గాల పునర్విభజనతో) హైదరాబాద్ చుట్టూ శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, ఎల్బీనగర్ లాంటి సీట్లు వచ్చాయి. దానికి ఆధారం 2001 లెక్కలు. హైటెక్ సిటీ చుట్టూ టవర్లు లేవడం ఆ తర్వాతి కథ. 2023 ఎన్నికల నాటికి శేరిలింగంపల్లి ఓటర్లు 7 లక్షలు దాటారు, భద్రాచలంలో దాదాపు లక్షన్నరే. పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడం వల్ల కూడా భద్రాచలం చిన్నదైంది. ఏజెన్సీ ప్రాంతం, దూరాలు ఎక్కువ, ఎస్టీ రిజర్వుడు సీటు. దానికి కొంత వెసులుబాటు ఇవ్వాల్సిందే. కానీ దాదాపు ఐదు రెట్ల తేడాను వెసులుబాటు అనలేం.

హద్దులు కదపొద్దనే వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. ఎమ్మెల్యే ఎవరో తెలిసి ఉండాలి, ఆయన పనిచేశాడో లేదో అదే ఊరి జనం తేల్చాలి, ఎనిమిదేళ్లకోసారి మ్యాప్ మారితే ఆ లెక్క తప్పిపోతుంది అంటారు. సర్రేలో ఇది నిజంగానే జరిగింది. గ్రీన్ టింబర్స్ సీటు 2024లో మ్యాప్‌లో లేకుండా పోయింది. అక్కడ రెండుసార్లు గెలిచి విద్యా మంత్రి కూడా అయిన రచనా సింగ్ కొత్త సర్రే నార్త్‌లో నిలబడి ఓడిపోయారు. కానీ పక్కనే ఉన్న న్యూటన్ చూడండి. హ్యారీ బెయిన్స్ 2005 నుంచి వరుసగా అయిదుసార్లు గెలిచారు. ఈ మధ్యలో ప్రావిన్స్ మ్యాప్ రెండుసార్లు మారింది. పనిచేసే ఎమ్మెల్యేకి జనంతో ఉన్న బంధం హద్దు మారినంత మాత్రాన తెగదని నాకు అనిపిస్తుంది.

నేను ఎక్కువ భయపడేది కలం ఎవరి చేతిలో ఉంటుందన్న దానికి. 1978లో బ్రిటిష్ కొలంబియాలో ఎకార్ట్ అనే ఒక్క జడ్జితో పునర్విభజన చేయించారు. వాంకూవర్‌లో మంత్రి గ్రేస్ మెకార్తీ సీటుకు ఆమె పార్టీకి అనుకూలమైన ఓట్లున్న సన్నటి ముక్క అతికించారని పెద్ద గొడవైంది. దానికి జనం 'గ్రేసీ వేలు' అని పేరు పెట్టారు. ఒక వీధి అటో ఇటో అయితే ఏమవుతుందో 2024 చూపించింది. సర్రే-గిల్డ్‌ఫర్డ్‌ను ఎన్‌డీపీ రీకౌంటింగ్ తర్వాత 22 ఓట్లతో దక్కించుకుంది. 93 సీట్ల సభలో ఆ పార్టీకి వచ్చినవి 47. ఆ ఒక్క సీటుతోనే మెజారిటీ. ఈ ఒక్క విషయంలో మన పద్ధతి మెరుగు. అక్కడ కమిషన్ ప్రతిపాదనకు సభ ఆమోదం కావాలి. మన డీలిమిటేషన్ కమిషన్ ఉత్తర్వును చట్టసభ మార్చలేదు. అందులో కూర్చునే ఎంపీలు, ఎమ్మెల్యేలకు ఓటు లేదు.

కాబట్టి శివారుకు ఏది మేలంటే తరచూ మార్చడమే మేలు, స్వతంత్ర కమిషన్ చేతుల మీదుగా. మనకు అడ్డొచ్చేది లోక్‌సభ సీట్లలో రాష్ట్రాల మధ్య వాటా గొడవ. జనాభాను అదుపు చేసిన దక్షిణాది సీట్లు పోగొట్టుకోకూడదు, అది న్యాయమైన పట్టు. కానీ శేరిలింగంపల్లి, భద్రాచలం హద్దులు మార్చడానికి ఉత్తరప్రదేశ్‌తో పనేంటి? 2008లో రాష్ట్రాల వాటా ముట్టుకోకుండానే లోపలి హద్దులు మార్చారు కదా. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం తెలంగాణ అసెంబ్లీ సీట్లను 119 నుంచి 153కు, ఆంధ్రప్రదేశ్ సీట్లను 175 నుంచి 225కు పెంచొచ్చని రాసింది. రాజ్యాంగం 170వ అధికరణం ప్రకారం 2026 తర్వాతి తొలి జనగణన దాకా ఆగాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. సీట్లు పెరిగినా పెరగకపోయినా, కొత్త లెక్కలు రాగానే లోపలి హద్దులు గీయాలి. ఆ తర్వాత ప్రతి జనగణనకూ మళ్లీ గీయాలని ఇప్పుడే చట్టంలో రాసుకోవాలి.