ఉప్పునీళ్ల ట్యాంకుకి ఆర్‌ఓ-డీఐ ఫిల్టర్: విజయవాడ నీళ్లతో వాడి చూశాక

ముందే చెప్పేస్తున్నా, మిషన్ మంచిదే, కానీ పెట్టెలో వచ్చింది వచ్చినట్టు బిగిస్తే మన అపార్ట్‌మెంట్లలో దండగ. ఇంట్లోని సముద్రపు చేపల అక్వేరియం కోసం నేను ఆన్‌లైన్‌లో కొన్నది నాలుగు స్టేజీల ఆర్‌ఓ-డీఐ: మట్టిని ఆపే సెడిమెంట్, క్లోరిన్ లాగే కార్బన్, లవణాల్ని ఆపే రోజుకి 75 గ్యాలన్ల మెంబ్రేన్, చివర్లో మిగిలిన లవణాల్నీ లాగేసి, అయిపోయేకొద్దీ రంగు మారే డీఐ రెజిన్ గింజలు నింపిన గొట్టం. ఇదే మిషన్‌ని నలుగురు నాలుగు స్టిక్కర్లు అంటించి అమ్ముతున్నారు కాబట్టి పేరుతో పెద్ద పనిలేదు.

ఇంట్లో తాగే ఆర్‌ఓ ఉందిగా, మళ్లీ ఇదెందుకని మా ఆవిడ అడిగింది, మీ ఇంట్లోనూ అడుగుతారు. తాగే ఆర్‌ఓల్లో చాలావాటికి రుచి కోసం కాస్త మామూలు నీళ్లు కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది (టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క), 20 లీటర్ల క్యాన్ నీళ్లలో కూడా అది సున్నా ఉండదు. మనిషికి అది మంచిదే. పగడపు జీవులుండే రీఫ్ ట్యాంకు సంగతి వేరు. అందులో ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది, కాబట్టి రోజూ పోసేది ఉప్పు కలపని నీళ్లు, వాటితో వచ్చిన నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా మాత్రం ఎక్కడికీ పోకుండా పేరుకుంటాయి. మే నెలలో ట్యాంకు మీద ఫ్యాను పెట్టి చూడండి, ఎన్ని నీళ్లు పోయాల్సి వస్తుందో. మచిలీపట్నం పక్కన మంగినపూడి బీచ్ దగ్గరేగా, సముద్రపు నీళ్లే క్యాన్లలో తెచ్చుకోవచ్చుగా అనే సలహా నాకూ వచ్చింది. ఆ బీచ్‌లో బురద చూసినవాళ్లు అలా అనరు, పైగా కృష్ణకి వరదొస్తే అక్కడి నీళ్లలో ఉప్పు శాతం కూడా మారిపోతుంది. మనకి కావాల్సింది 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు, అదీ నిలకడగా.

ఇక ప్రెషర్ సంగతి. మెంబ్రేన్ సరిగా పనిచేయాలంటే 50, 60 పీఎస్‌ఐ కావాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పది మీటర్లు కిందికి వచ్చిన నీళ్లకి ఉండేది సుమారు 14 పీఎస్‌ఐ. మేముండేది పటమటలో, పైనుంచి రెండో అంతస్తు, ఇక ప్రెషర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? కొళాయి నీళ్లు టీడీఎస్ 380 ఉంటే మెంబ్రేన్ దాటాక కూడా 55 చూపించింది, అదీ చుక్కలు చుక్కలుగా. 24 వోల్టుల బూస్టర్ పంపు పెట్టాక అదే 11కి దిగింది. ఈ పంపు లేకపోతే యూనిట్ పనికిరాదు, కానీ సైటులో దాని ఊసే లేదు, ధర లెక్కేసుకునేటప్పుడు దాన్నీ కలుపుకోండి.

అసలు లోపం డీఐ గొట్టంలో ఉంది. దాన్ని అడ్డంగా క్లిప్పులతో బిగించి పంపారు. వాడుతుంటే రెజిన్ కిందికి సర్దుకుని పైన వేలెడు ఖాళీ ఏర్పడుతుంది, నీళ్లు రెజిన్‌ని తాకకుండా ఆ ఖాళీలోంచే జారిపోతాయి. గొట్టంలో కింది సగం ఇంకా నీలంగానే, అంటే అయిపోకుండానే ఉంది, టీడీఎస్ మీటరు మాత్రం 6 చూపించింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "ఆరంటే సూపర్ కదా సార్, తాగేయొచ్చు" అన్నాడు. తాగేది నేను కాదు బాబూ!

ఆ నీళ్ల ఫలితం ట్యాంకులో కనిపించింది. ఇసుక మీద, అద్దాల మీద గోధుమరంగు దుమ్ములాంటి డయాటమ్ పొర (సిలికాతో పెరిగే సన్నటి నాచు), పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వేలికి అంటుకుంటోంది. జోవాంథస్ అనే, పువ్వుల్లా విచ్చుకునే పగడపు జాతి జీవుల కాలనీలో అంచున ఉన్నవి విచ్చుకోవడం మానేశాయి, ముడుచుకున్న మొగ్గ మీద ఆ పొర నూగులా పట్టింది. క్లౌన్ చేపలకి ఏమీ కాలేదు. షాపుల్లో దీనికి ఏదో సీసా అంటగడతారు, అవసరం లేదు. గొట్టాన్ని క్లిప్పులు తీసి నిలువుగా కట్టి, ఖాళీ లేకుండా రెజిన్ దట్టించి, నీళ్లు కిందనుంచి పైకి ఎక్కేలా పైపు మార్చాను, మీటరు సున్నాకి వచ్చింది. ఆ నీళ్లతోనే ఉప్పు కలిపి వారానికి పది శాతం చొప్పున మార్చుతూ పోతే, కొత్త సిలికా రాక పొర తనంతట తనే పలచబడింది. జోవాల్లో కొన్ని మాత్రం పోయాయి.

ఇంకో మాట. మిషన్ ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్ రెండు వైపులా లవణాలు సమానమవుతాయి, అందుకే ఆన్ చేయగానే వచ్చే నీళ్లలో టీడీఎస్ ఎక్కువ. ఆ మొదటి కొద్ది నిమిషాల నీళ్లని డీఐలోకి పోనీయకుండా బయటికి వదిలేస్తే రెజిన్ చాలా ఎక్కువ కాలం వస్తుంది. దీనికి ఒక టీ జాయింటు, ఒక వాల్వు చాలు, కంపెనీవాళ్లే ఇచ్చి ఉండొచ్చు కదా.

సెడిమెంట్, కార్బన్ భాగాలకి వంక పెట్టలేను. వానాకాలంలో కొత్తనీరు వచ్చినప్పుడు తెల్లటి సెడిమెంట్ క్యాండిల్ ఇటుక రంగుకి తిరిగిపోయింది, అంటే ఆపాల్సింది ఆపుతోందనేగా. కార్బన్‌ని మాత్రం సాగదీయొద్దు, క్లోరిన్ దాటితే మెంబ్రేన్ పాడవుతుంది. ఒక లీటరు మంచినీళ్లకి మూడు నాలుగు లీటర్లు వేస్ట్ పోతుంది, మా ఇంట్లో అవి బాల్కనీ కడగడానికి.

కృష్ణా నీళ్లు వచ్చే ఇంటికైతే, పంపు కూడా కొనే ఉద్దేశం ఉంటే, తీసుకోండి. బోరు నీళ్లే దిక్కయి టీడీఎస్ వెయ్యి దాటితే రెజిన్ ఖర్చు తట్టుకోలేరు, రెండు డీఐ గొట్టాలున్న పెద్ద యూనిట్ చూసుకోండి. రీఫిల్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద 'మిక్స్‌డ్ బెడ్' (రెండు రకాల రెజిన్ కలిపినది) అని ఉందో లేదో చూడండి. సాఫ్ట్‌నర్ రెజిన్ కూడా అలాంటి గింజలే, ధర తక్కువ, కానీ అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది తప్ప టీడీఎస్‌ని తగ్గించదు.